రెండు సీజన్ల క్లబ్బు, అట్టపెట్టెల్లో మిగిలిన కాగితాలు: ఒక ఆర్కైవ్ కేస్ స్టడీ

అమెరికాలో ఒక స్థానిక చరిత్ర కేంద్రంలో ఆర్కైవిస్టుగా, అంటే పాత కాగితాలను క్రమంలో పెట్టి భద్రపరిచే పనిలో ఉన్నాను. ఆటలకు సంబంధించిన కాగితాలు ఏవి వచ్చినా నా బల్ల మీదికే వస్తాయి. అలా వచ్చిన ఒక సేకరణ గురించి ఇది: 1970ల నాటి ఒక సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) క్లబ్బు కాగితాలు. కుటుంబం పేరు, ఊరి పేరు, క్లబ్బు పేరు చెప్పను. పోలిక కోసం ప్రస్తావించిన మిగతా క్లబ్బులన్నీ నిజమైనవే. ఈ కేసులో తీసుకున్న నిర్ణయాల్లో కొన్ని మా వృత్తిలో అలవాటుగా చేసేదానికి భిన్నంగా ఉన్నాయి. కారణాలు రాసిపెట్టకపోతే, తర్వాత ఈ సేకరణను చూసేవాళ్లు సరిచేస్తున్నామనుకుని మళ్లీ మొదటికి తెచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

నార్త్ అమెరికన్ సాకర్ లీగ్‌ను అక్కడ ఎన్ఏఎస్ఎల్ అంటారు. 1967లో అమెరికాలో రెండు ప్రొఫెషనల్ సాకర్ లీగులు ఒకేసారి మొదలై, ఒకదాన్నొకటి తట్టుకోలేక ఆ ఏడాది చివర్లోనే కలిసిపోయాయి. అలా పుట్టిన ఎన్ఏఎస్ఎల్ 1968లో 17 జట్లతో ఆడింది. ఆ ఒక్క సీజన్‌కే చాలామంది యజమానులు చేతులెత్తేశారు. 1969లో మిగిలినవి అట్లాంటా, బాల్టిమోర్, డల్లాస్, కాన్సస్ సిటీ, సెయింట్ లూయిస్, అంతే. తర్వాత మెల్లగా కోలుకుంది. 1975లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌లో చేరాక దేశం మొత్తం అటు చూసింది. 1977 ఆగస్టులో జెయింట్స్ స్టేడియంలో ఫోర్ట్ లాడర్‌డేల్‌తో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌కు 77,691 మంది వచ్చారు.

ఆ జనాన్ని చూసిన ఊపులో 1978లో లీగ్ 18 జట్ల నుంచి 24కు పెరిగింది. కొత్తగా వచ్చినవి కొలరాడో, డెట్రాయిట్, హ్యూస్టన్, మెంఫిస్, న్యూ ఇంగ్లండ్, ఫిలడెల్ఫియా. ఈ ఆరు క్లబ్బుల్లో ఒక్కటి కూడా 1981 ఎన్ఏఎస్ఎల్ సీజన్‌ను తాను పుట్టిన చోట ఆడలేదు. హ్యూస్టన్ మూతపడింది, మిగతా ఐదూ ఊరు మారాయి. టీవీ ప్రసారాలు చేసిన ఏబీసీ 1980 తర్వాత ఆసక్తి చూపలేదు. 1982కి జట్లు 14 అయ్యాయి, 1984కి 9. తర్వాతి సీజన్ ఆడతామని రెండే క్లబ్బులు ముందుకు రావడంతో 1985 మార్చి 28న లీగ్ కార్యకలాపాలు ఆగిపోయాయి.

పెలే గురించి, కాస్మోస్ గురించి ఎంతైనా దొరుకుతుంది. ఒకటి రెండు వేసవులు ఒక ఊళ్లో ఆడి వెళ్లిపోయిన క్లబ్బుల గురించి వెతికితే మాత్రం చేతికి దొరికేది చాలా తక్కువ. మా కేసు అలాంటి క్లబ్బుది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

1970ల చివర్లో ఈ క్లబ్బు వేరే ఊరి నుంచి మా ఊరికి వచ్చి, రెండు సీజన్లు ఆడి, ఇంకో ఊరికి అమ్ముడుపోయింది. ఇక్కడ ఉన్నప్పుడు టికెట్ల ఆఫీసు నడిపిన ఆయన చనిపోయాక, ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన కూతురు కొన్ని అట్టపెట్టెలు మా కేంద్రానికి తెచ్చారు. టికెట్ల లెక్క పుస్తకాలు, మ్యాచ్ ప్రోగ్రాములు, పేర్లు రాయని ఫొటోలు, కొన్ని ఆటగాళ్ల కాంట్రాక్టు నకళ్లు, స్టేడియం వాళ్లతో జరిగిన ఉత్తరాలు అన్నీ కలగలిసి ఉన్నాయి. కొన్ని ఉత్తరాలు పాత ఊరి లెటర్‌హెడ్ మీదే ఉన్నాయి. అచ్చైన చిరునామాను టైపు మిషన్‌తో కొట్టేసి, పక్కన కొత్త చిరునామా టైపు చేశారు. కొత్త లెటర్‌హెడ్ అచ్చు వేయించే తీరిక కూడా లేకుండా క్లబ్బు నడిచిందన్నమాట.

ఆమె మమ్మల్ని అడిగింది ఒకే ప్రశ్న. "జనం రాలేదు కాబట్టే క్లబ్బు పోయిందని ఊళ్లో అందరూ అంటారు. టికెట్లు అమ్మింది మా నాన్న. అంటే ఆయన వల్లే పోయిందా?" సాధారణంగా దాతలు మాకు పెట్టెలిచ్చి వెళ్లిపోతారు. ఈమెకు జవాబు కావాలి. జవాబు చెప్పాలంటే ముందు కాగితాలను నమ్మదగిన క్రమంలో పెట్టాలి.

అదే సమయంలో రెండో చిక్కు వచ్చింది. క్లబ్బు చివరికి స్థిరపడిన ఊళ్లోని అభిమానుల సంఘం మాకు ఉత్తరం రాసింది. ఈ కాగితాలు తమ క్లబ్బు తొలి చరిత్ర కాబట్టి తమకే చేరాలన్నది వాళ్ల వాదన. అది అన్యాయమైన కోరికేమీ కాదు. మా వృత్తి నియమాలతో చూస్తే దానికి కొంత బలం కూడా ఉంది.

మొదట పట్టుకున్న దారి

ముందుగా ఫ్రాంచైజీ వెంట వెళ్లాం. ఎన్ఏఎస్ఎల్‌లో యజమాని కొనేది లీగ్‌లో సభ్యత్వాన్ని. ఆ సభ్యత్వం ఊరికి కట్టుబడి ఉండదు. బ్యాంకు ఖాతా, కాంట్రాక్టులు, అప్పులు అన్నీ ఆ సంస్థ పేరు మీదే ఉంటాయి. కాబట్టి సంస్థను మూలంగా తీసుకుని, దాని కింద మూడు ఊళ్లను మూడు దశలుగా చూపిస్తే తార్కికంగా ఉంటుందనుకున్నాం. ఇంటర్నెట్‌లో కనిపించే అభిమానుల పట్టికలు కూడా ఎక్కువగా ఇలాగే ఉంటాయి.

ఈ పద్ధతి ఎక్కడ తెగిందో తెలియాలంటే ఒక నిజమైన వరుస చూడాలి. బాల్టిమోర్ కామెట్స్ 1974, 1975 సీజన్లు ఆడింది. 1976లో అదే ఫ్రాంచైజీ శాన్ డియేగో జాస్. 1977లో లాస్ వేగాస్ క్విక్‌సిల్వర్స్. 1978లో మళ్లీ శాన్ డియేగో వచ్చి సాకర్స్ అయింది, ఆ పేరుతోనే నిలిచింది. ఫ్రాంచైజీ లెక్కన రాస్తే ఇవన్నీ శాన్ డియేగో సాకర్స్ పూర్వ చరిత్ర అవుతాయి. 1977 వేసవిలో లాస్ వేగాస్‌లో యూసేబియో ఆడాడు. పోర్చుగల్ దిగ్గజం తమ ఎడారి ఊళ్లో ఆడటం చూసినవాళ్లకు ఆ వేసవి మరో ఊరి క్లబ్బు చరిత్రలో ఒక మెట్టుగా మిగులుతుంది. శాన్ ఆంటోనియో థండర్ కథా అంతే. అది 1977లో టీమ్ హవాయి అయింది, మరుసటి ఏడాది తుల్సా రఫ్‌నెక్స్ అయింది, 1983లో ఛాంపియన్ అయింది. తుల్సా గెలుపు వెలుగులో హవాయి సీజన్‌ను ఎవరూ వెతకరు.

దీనికి ఉల్టా చిక్కు కూడా ఉంది. పేరొకటే, సంస్థలు వేరు. వాషింగ్టన్ డిప్లొమాట్స్ 1980లో నెదర్లాండ్స్ దిగ్గజం యోహాన్ క్రైఫ్‌ను ఆడించి, ఆ సీజన్ తర్వాత మూతపడింది. 1981లో డెట్రాయిట్ ఎక్స్‌ప్రెస్ వాషింగ్టన్ వచ్చి అదే డిప్లొమాట్స్ పేరు పెట్టుకుంది. డెట్రాయిట్‌లో అదే ఏడాది మరో లీగ్‌లో ఎక్స్‌ప్రెస్ పేరుతోనే వేరే క్లబ్బు మొదలైంది. అట్లాంటా చీఫ్స్ పేరు 1960ల్లో ఒక సంస్థది, 1979లో కొలరాడో నుంచి వచ్చిన ఇంకో సంస్థది. ఇంకో రకం కూడా చూశాం. న్యూ ఇంగ్లండ్ టీ మెన్‌కు ఆ పేరు లిప్టన్ కంపెనీ యాజమాన్యం వల్ల, బోస్టన్ టీ పార్టీ (బ్రిటిష్ పన్నుకు నిరసనగా తేయాకును సముద్రంలో పారబోసిన ఘటన) చరిత్ర వల్ల వచ్చింది. ఆ క్లబ్బు ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు వెళ్లినా పేరు మార్చుకోలేదు. పేరు పట్టుకుని వెళితే ఒక తప్పు దారి, సంస్థను పట్టుకుని వెళితే మరో తప్పు దారి.

మా దగ్గర డేటా ఎంట్రీ చేస్తున్న తెలుగు విద్యార్థి ఒకడు అన్న మాట నాకు బాగా ఉపయోగపడింది. "అక్కా, 2009లో డెక్కన్ చార్జర్స్ ఐపీఎల్ గెలిచింది కదా. దాన్ని సన్‌రైజర్స్ ఖాతాలో వేస్తామా? వెయ్యం. కానీ హైదరాబాద్‌కు ఎన్ని కప్పులని అడిగితే రెండని చెప్తాం." సంస్థ లెక్క వేరు, ఊరి లెక్క వేరు. చార్జర్స్ 2012లో రద్దయ్యాక 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. రికార్డు పుస్తకంలో రెండూ వేర్వేరు. ఉప్పల్ స్టేడియంలో కూర్చున్నవాడికి ఆ జ్ఞాపకం తెగిపోలేదు. మా క్యాటలాగ్‌లో రెండు లెక్కలూ కావాలి, ఏదీ రెండోదాన్ని మింగకూడదు.

మలుపు

ఇక్కడ ఆగి, అసలు ఈ కాగితాలను తయారుచేసింది ఎవరని అడిగాం. మా వృత్తిలో ఇది మొదటి పాఠం. అయినా క్లబ్బు పేరు అంత పెద్ద అక్షరాల్లో పెట్టెల మీద ఉంటే ఆ ప్రశ్న అడగాలని తోచదు. కాగితాలు పుట్టించింది ఫ్రాంచైజీ కాదు, ఈ ఊళ్లోని టికెట్ల ఆఫీసు. దాన్ని నడిపిన ఆయన్ని ఇక్కడే ఉద్యోగంలోకి తీసుకున్నారు, క్లబ్బు వెళ్లిపోయిన రోజున ఇక్కడే తీసేశారు. ముందు ఊరితోగానీ, తర్వాతి ఊరితోగానీ ఆయనకు సంబంధం లేదు. కాబట్టి సేకరణకు ఆయన పేరే పెట్టాం. క్లబ్బు పేరు దానికి అనుసంధానమైన శీర్షికగా ఉంటుంది.

క్లబ్బును కూడా ఊరి లెక్కన విడగొట్టాం. ప్రతి ఊరికీ, ప్రతి పేరుకూ ఒక్కో ప్రత్యేక రికార్డు. ముందుదానికి, తర్వాతదానికి రెండువైపులా లింకు. పేరు మారిన సంస్థలకు కొత్త శీర్షిక పెట్టడం గ్రంథాలయాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. పేరు మారకుండా ఊరు మారినా కొత్త రికార్డు పెట్టడం ఒక్కటే మేం అదనంగా చేసింది. సహోద్యోగి ఒకరు దీనికి అభ్యంతరం చెప్పారు. ముందు ఊళ్లో సంతకం చేసిన కాంట్రాక్టు ఇక్కడ కొనసాగితే దాన్ని ఎక్కడ పెడతారని అడిగారు. న్యాయమైన ప్రశ్న. కాగితం ఏ ఫోల్డరులో దొరికిందో అక్కడే ఉంచి, రెండు రికార్డులకూ లింకు ఇచ్చాం. వెతికేవాళ్లకు ఒక మెట్టు ఎక్కువవుతుంది, నిజమే. ఎవరి ఆఫీసులో ఏ కాగితం ఉండేదన్న సంగతి చెదిరిపోవడం కన్నా ఆ మెట్టు నయమనిపించింది. ఈ కేసులో చివరికి జవాబు దొరికింది కూడా ఆ క్రమం వల్లే.

అంకెల దగ్గర

పాయింట్ల పట్టికలతో ఎక్కువ ఇబ్బంది లేదు, ఒకసారి వివరిస్తే సరిపోతుంది. ఆ కాలంలో గెలుపుకు 6 పాయింట్లు, దానితోపాటు మ్యాచ్‌కు గరిష్ఠంగా మూడు గోల్స్ వరకు గోల్‌కు ఒకటి చొప్పున బోనస్. 1978లో కాస్మోస్ 30 మ్యాచ్‌లలో 24 గెలిచి 212 పాయింట్లు తెచ్చుకుంది. ఆ సంఖ్యను చూసి మా వాలంటీర్లు అచ్చుతప్పనుకుని సరిదిద్దబోయారు. డ్రాలు కూడా ఉండవు. 1977 నుంచి, అదనపు సమయంలోనూ సమానంగా ఉన్న మ్యాచ్‌లు 35 గజాల దూరం నుంచి ఆటగాడు ఐదు సెకన్లలో గోల్ కొట్టాల్సిన షూటౌట్‌తో తేలేవి. ఈ నియమాలన్నీ ఒక పేజీలో రాసి ప్రతి ఫోల్డరు ముందు పెట్టాం.

అసలు చిక్కు ప్రేక్షకుల సంఖ్య దగ్గర వచ్చింది. ఒకే మ్యాచ్‌కు పత్రికలో ఒక అంకె, క్లబ్బు ప్రచార పుస్తకంలో ఇంకో అంకె, ఆయన లెక్క పుస్తకంలో మూడో అంకె. మొదట ఆయన పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకుందామనుకున్నాం. టికెట్లు అమ్మినవాడి లెక్క కన్నా దగ్గరిది ఏముంటుంది? కానీ కూతురి ప్రశ్నకు తండ్రి రాతనే సాక్ష్యంగా చూపిస్తే అది జవాబు అనిపించుకోదు. పైగా ఆ పుస్తకంలో ఉచితంగా పంచిన టికెట్లు, బడిపిల్లలకు సగం ధరకు ఇచ్చినవి వేర్వేరు గుర్తులతో ఉన్నాయి. ఆ గుర్తులు ఆయనకే తెలుసు. మూడు అంకెల సగటు తీద్దామన్న సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. ప్రకటించిన సంఖ్య, టికెట్ కొన్న సంఖ్య, లోపలికి వచ్చిన సంఖ్య మూడు వేర్వేరు సంగతులు. వాటి సగటు దేన్నీ చెప్పదు.

దారి మునిసిపల్ ఆఫీసులో దొరికింది. స్టేడియం నగరపాలికది. అద్దెలో కొంత భాగం గేటు వసూళ్ల మీద శాతంగా ఉండేది. కాబట్టి ప్రతి మ్యాచ్ తర్వాత క్లబ్బు, స్టేడియం ఇద్దరూ సంతకం చేసిన వసూళ్ల పత్రం తయారయ్యేది. ఎక్కువ చూపిస్తే క్లబ్బుకు నష్టం, తక్కువ చూపిస్తే నగరానికి నష్టం. రెండువైపులా ఎదురెదురు ప్రయోజనాలున్న చోట సంతకమైన కాగితాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. ఆ పత్రాలు నగరపాలిక లెక్కల విభాగంలో క్రమంగా ఉన్నాయి. క్లబ్బులు పోతాయి, స్టేడియం నిలుస్తుంది. దాని కాగితాలూ నిలుస్తాయి. ఆ పత్రాలతో పోల్చి చూశాకే లెక్క పుస్తకంలోని గుర్తులు విడివడ్డాయి. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్లు రెండో సీజన్‌లో తగ్గలేదు, కొద్దిగా పెరిగారు. పత్రికల్లో వచ్చిన పెద్ద పతనం ఉచిత టికెట్లు ఆపేయడం వల్ల వచ్చింది. క్యాటలాగ్‌లో మూడు అంకెలనూ మూడు నిలువు గడుల్లో, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసి, పక్కపక్కనే ఉంచాం.

ఫొటోలు

ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాం, పనిచేయలేదు. పోల్చడానికి కావలసిన ముఖాలే మా దగ్గర లేవు. ప్రచార పుస్తకాలు సీజన్‌కు ముందే అచ్చయ్యేవి. ఇంగ్లండ్ క్లబ్బుల నుంచి ఒక్క వేసవికి అద్దెకు వచ్చే ఆటగాళ్లు అక్కడి సీజన్ ముగిశాక వచ్చి చేరేవారు. కాబట్టి వాళ్ల ముఖాలు ఏ పుస్తకంలోనూ లేవు.

అప్పుడు ఫొటోలను ఊరి లైబ్రరీలో బల్లల మీద పరిచి జనాన్ని పిలిచాం. క్లబ్బు ఆటగాళ్లను బడులకు పంపి పిల్లలకు సాకర్ నేర్పించేది. ఆ లీగ్‌లో చాలా క్లబ్బులు చేసిన పని ఇది. అప్పటి పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. వాళ్లు ముందు తమను తాము గుర్తుపట్టారు, తర్వాత తమ పక్కన నిలబడ్డ ఆటగాణ్ణి. అతను ఏ ఊరివాడో, ఎలా మాట్లాడేవాడో కూడా చెప్పారు. ప్రతి పేరుకూ ఇద్దరు వేర్వేరుగా చెప్పినప్పుడే ఖాయంగా రాశాం, ఒక్కరే చెబితే ఆ సంగతీ రాశాం. మా ఊళ్లో సాకర్ బతికి ఉందంటే కారణం ఆ బడి తరగతులే అని నా గట్టి నమ్మకం. క్లబ్బు వెళ్లిపోయినా ఆ పిల్లల్లో కొందరు కోచ్‌లయ్యారు, కొందరు రిఫరీలయ్యారు. విఫలమైన క్లబ్బు అని ఒక్క ముక్కలో రాసేస్తే ఇదంతా లెక్కలోకి రాదు.

కాంట్రాక్టు నకళ్లలో ఆటగాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్యలు), గాయాల వైద్య వివరాలు ఉన్నాయి. వాటిని విడిగా తీసి మూసివేశాం. ఏముందో జాబితాలో ఉంటుంది, చదవడానికి ఇవ్వం. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

చివరి ఊరి అభిమానుల సంఘంతో

అసలు కాగితాలు ఇక్కడే ఉంటాయని వాళ్లకు రాశాం. కారణాలు కూడా రాశాం: వీటిని పుట్టించింది ఇక్కడి ఆఫీసు, చదివేవాళ్లు ఎక్కువమంది ఇక్కడివాళ్లు, అర్థం చేసుకోవడానికి కావలసిన మునిసిపల్ పత్రాలూ ఇక్కడే ఉన్నాయి. స్కాన్లు మాత్రం అడిగినన్ని ఇస్తామన్నాం. వాళ్లకు కొంత నొప్పి కలిగింది. అయినా వాళ్లు పెద్దమనసుతో స్పందించారు. యజమాని తనతో తీసుకెళ్లిన ఆఫీసు ఫైళ్లు కొన్ని వాళ్ల దగ్గరున్నాయి. వాటి స్కాన్లు మాకు పంపారు.

ఇక్కడి ఉత్తరాలకు అక్కడ జవాబులు దొరికాయి. మా ఫోల్డర్ల క్రమాన్ని చెదరగొట్టకుండా ఉంచడం అప్పుడు ఉపయోగపడింది. తేదీల వారీగా పక్కపక్కన పెడితే వరుస స్పష్టమైంది. స్టేడియంలో పెద్ద అద్దెదారు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. దాని అవసరాలకు సాకర్ మ్యాచ్‌ల తేదీలు పదే పదే మారాయి. కనీస అద్దె తగ్గించమని క్లబ్బు అడిగింది, నగరం కుదరదంది. రెండో సీజన్ సగం కూడా కాకముందే యజమాని ఇంకో ఊరివాళ్లతో అమ్మకం మాటలు మొదలుపెట్టాడు. ఆ నెలల్లోనే టికెట్ల ఆఫీసు నుంచి వచ్చే ఏడాది సీజన్ పాసుల ప్రచారానికి డబ్బు అడుగుతూ వెళ్లిన ఉత్తరాలున్నాయి. వాటికి జవాబు లేదు.

కూతురికి ఏం చెప్పాలన్నది బాగా ఆలోచించాం. ఆయన గొప్పగా అమ్మాడని కాగితాలు నిరూపించవు. ఆ స్టేడియం అద్దెకు సరిపడా జనం ఎప్పుడూ రాలేదు. క్లబ్బు వెళ్లిపోవాలన్న నిర్ణయం మాత్రం ఆయన లెక్కలు ముగియకముందే, ఆయనకు తెలియకుండా జరిగింది. ఈ రెండూ కలిపే చెప్పాం, తేదీలున్న ఉత్తరాలు ఆమె ముందు పెట్టి. ఆమె వాటి నకళ్లు తీసుకుని, ఊళ్లో ఉన్న తండ్రి పాత స్నేహితులకు చూపిస్తానన్నారు.

తర్వాతి కేసులకు ఇందులోంచి తీసుకున్నది

పేరుగానీ సంస్థగానీ కాదు, కాగితం ఏ గదిలో పుట్టిందో అది మొదలు కావాలి. క్లబ్బు లెక్కలను క్లబ్బు బయటి కాగితంతో సరిపోల్చాలి. స్టేడియం యజమాని ఎవరో తెలుసుకోవడం మా జాబితాలో ఇప్పుడు మొదటి పని. సమానమైన హక్కు ఉన్న రెండో ఊరు ఉంటే పోటీ పడకుండా మార్పిడికి వెళ్లాలి. ఇవన్నీ కాగితం కాలానికి సరిపోతాయి.

ఇప్పటి క్లబ్బుల విషయంలో నా ఆందోళన వేరు. అదే ఎన్ఏఎస్ఎల్ పేరుతో 2011లో మొదలైన రెండో లీగ్ 2017 సీజన్‌తో ఆగిపోయింది. ఆ చివరి ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో డెల్టాస్ కెజార్ స్టేడియంలో కాస్మోస్‌ను 2-0తో ఓడించి ఛాంపియన్ అయింది, ఆ వెంటనే మూతపడింది. ఒకే ఒక్క సీజన్. అంతకుముందు ఏడాది ఓక్లహోమాలో రయో ఓకేసీ కూడా ఒక్క సీజన్‌తోనే పోయింది. ఇలాంటి క్లబ్బుల కాలంలో టికెట్ల లెక్క పుస్తకం ఉండదు, అద్దెకు తీసుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఖాతా ఉంటుంది. నెల డబ్బు కట్టడం ఆపగానే అది మూసుకుపోతుంది. ఎవరి ఇంటి అటకమీదా అట్టపెట్టె మిగలదు.

అందుకని మా ప్రాంతంలో ఏ చిన్న క్లబ్బు మూతపడుతుందన్న వార్త వచ్చినా మేం ఇప్పుడు యజమానికి కాదు, టికెట్ల ఆఫీసులో పనిచేసేవాళ్లకు ముందు ఫోన్ చేస్తున్నాం. ఖాతా తెరిచి ఉండగానే అమ్మకాల రిపోర్టును డౌన్‌లోడ్ చేసుకోమని, ఫొటోగ్రాఫరు దగ్గర అసలు ఫైళ్లు అడగమని, బడి తరగతులకు వెళ్లిన ఆటగాళ్ల జాబితా రాసిపెట్టమని చెబుతున్నాం. ఏం ఇవ్వవచ్చు, ఏం ఇవ్వకూడదు అన్న దానపత్రం నమూనా కూడా ఆ రోజే పంపుతున్నాం.